టర్కీ టెయిల్ అవునో కాదో రంగు చెప్పదు, అడుగు చెబుతుంది

నార్త్ కరొలైనాలో ఎండిన ఓక్ దుంగ మీద చారలచారలుగా గుత్తుల్లో వచ్చిన పుట్టగొడుగు టర్కీ టెయిలా (ట్రామెటీస్ వెర్సికలర్), దాని చుట్టమా అని ఒకరు అడిగారు. ఫొటోలన్నీ పైనుంచే తీశారు. చారలు దాని చుట్టాల్లో చాలావాటికి ఉంటాయి, రంగును నమ్మితే బోల్తా పడతారు.

ఒక రెక్క (విసనకర్రలా పరుచుకున్న భాగం) కోసి తిప్పండి. అడుగు ఒక్క రంధ్రం లేకుండా నున్నగా ఉంటే అది స్టీరియం అనే వేరే పుట్టగొడుగు, అక్కడితో సరి. రేకులుంటే ట్రామెటీస్ బెతులినా. అంచు దగ్గర ఊదా ఛాయ ఉండి, రంధ్రాలు చీలి పళ్లలా లేస్తే ట్రైకాప్టమ్. ముదిరాక ఊదా వెలిసిపోతుంది కనుక పళ్లనే చూసుకోండి. అడుగు ముదురు బూడిద రంగైతే అది ట్రామెటీస్ కాకపోవచ్చు.

తెల్లటి లేదా మీగడ రంగు రంధ్రాలు కనిపించాయా? స్కేలు ఆనించి, 10 రెట్ల భూతద్దంతో ఒక మిల్లీమీటరులో ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టండి. వెర్సికలర్‌కు మూడు నుంచి ఐదు. పెరుగుతున్న అంచులో లెక్కించకండి, అక్కడ రంధ్రాలు ఇంకా విచ్చుకోవు. దుంగకు నిలువుగా అంటుకున్న చోటా వద్దు, అక్కడ అవి సాగిపోయి పెద్దగా కనిపిస్తాయి.

మరో చుట్టం ట్రామెటీస్ హిర్సుటాను రెక్క మందం, పైనున్న బూడిద రంగు బిరుసు నూగు పట్టిస్తాయి. వెర్సికలర్ రెక్క కొద్ది మిల్లీమీటర్లే, వంచితే వంగుతుంది. చిక్కంతా ఇంకో చుట్టం ట్రామెటీస్ ఓక్రేసియాతోనే. గోధుమ చారలున్న వెర్సికలర్‌కూ దానికీ పైకి తేడా తెలీదు. అలాంటప్పుడు కోతే దిక్కు.

రెక్కను ముందు ఆరనివ్వండి. తడిగా ఉంటే అంతా నల్లబడి, మనం వెతికే నల్ల గీత దాగిపోతుంది. కొత్త గడ్డం బ్లేడుతో, దుంగ వైపు నుంచి అంచు దాకా నిలువుగా ఒక్క వేటున కోయండి. మొద్దు బ్లేడయితే కండ నలిగి పొరలు కలిసిపోతాయి. కోసిన ముఖాన్ని భూతద్దంలో చూడండి: పైన నూగు, దాని కింద వెంట్రుకంత నల్ల గీత, ఆ కింద తెల్లటి కండ, చివర రంధ్రాల గొట్టాలు. గీత ఉంటే వెర్సికలర్. నూగు నేరుగా కండలో కలిసిపోతే ఓక్రేసియా. ఒక్క కోతలో కనిపించలేదని వదిలేయకండి, నూగు బాగా ఉన్న చోట ఇంకో రెండు కోసి చూడండి.

అడుగు ఫొటో స్కేలుతో ఒకటి, కోత ఫొటో ఒకటి పెడితే పేరు తేల్చవచ్చు.