చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? ముందు కోడ్ ఏంటో కనుక్కోండి

ఏటా ఆగస్టులో, యూనివర్సిటీలు తెరిచే రోజుల్లో, నాకు తప్పకుండా వచ్చే ఫోన్ ఇది. "అన్నా, పోయిన వారమే కారు కొన్నాను. పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. ఇంజిన్ పోయినట్టేనా?" అమెరికాలో డాలస్ పక్కన చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఆ గొంతులో టెన్షన్ ఎందుకో నాకు తెలుసు. ఇంటి దగ్గర నాన్న అప్పు చేసి పంపిన డబ్బుతో కొన్న బండి అది.

నేను మొదట అడిగేది ఒక్కటే. లైట్ నిలకడగా ఉందా, ఆరి వెలుగుతోందా? నిలకడగా ఉండి, బండి మామూలుగా నడుస్తూ, ఎర్ర లైట్లేవీ లేకపోతే ఆ రోజు క్లాసుకు వెళ్లి రావచ్చు, రెండు మూడు రోజుల్లో చూపిస్తే సరిపోతుంది. ఆరి వెలుగుతూ బండి వణుకుతుంటే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. ఏదో సిలిండర్ సరిగా మండటం లేదన్నమాట. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి, అక్కడ పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. చిన్న ఖర్చుతో పోయేది వేలల్లోకి వెళ్తుంది.

1996 మోడల్ నుంచి ఇక్కడి కార్లన్నిటికీ స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో స్కానర్ పెడితే, లైట్ ఎందుకు వెలిగిందో సూచించే కోడ్ కనిపిస్తుంది. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపుల్లో చాలా చోట్ల ఉచితంగానే చదివి చెప్తారు. ఆ తెరను ఫోటో తీసుకోండి. కోడ్ చెరిపేస్తామంటే వద్దనండి. లైట్ వెలిగిన క్షణంలో బండి ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్న వివరాలు కూడా దాంతోపాటే పోతాయి.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు. కోడ్ చెప్పేది లక్షణం, పాడైన పార్టు పేరు కాదు. జ్వరం ఉందని థర్మామీటర్ చెప్తుంది, మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా! పి0420, అంటే కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే కోడ్, వచ్చిందని ఒక తమ్ముడికి ఒక షాపులో కన్వర్టర్ మార్చాలని 1,800 డాలర్లు చెప్పారు. ఇంకో మెకానిక్ బండి పైకెత్తి చూస్తే, సెన్సర్‌కు ముందు పైపు అతుకు దగ్గర గ్యాస్కెట్ లీకవుతోంది. అది మార్చాక ఆ కోడ్ మళ్లీ రాలేదు. ఒకవేళ కన్వర్టరే పోయినా, బండి 8 ఏళ్లు, 80,000 మైళ్లు వీటిలో ఏ ఒక్కటీ దాటకపోతే దానికి ఫెడరల్ ఎమిషన్స్ (పొగ) వారంటీ ఉంటుంది. జేబులోంచి తీసే ముందు డీలర్‌ని అడగండి.

పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అది సరిగా మండటం లేదు. దీన్ని మా పార్కింగ్ లాట్‌లోనే చాలాసార్లు చూశాం. ఇంజిన్ చల్లారాక, ఒకటో సిలిండర్ మీది కాయిల్‌కు (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది) ఉన్న 10 ఎంఎం బోల్టు విప్పి, కాయిల్ తీసి మూడోదాని మీద పెడతాం. మూడోదాని కాయిల్ ఇటు వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు నడవనిచ్చి మళ్లీ చదివితే, కొత్తగా పి0303 వచ్చిందంటే దోషం కాయిల్‌దే. రాకపోతే స్పార్క్ ప్లగ్గో, ఇంజెక్టరో చూడాలి. పది నిమిషాల పని, ఒక్క పైసా ఖర్చు లేదు.

పి0455, అంటే పెట్రోలు ఆవిరి ఎక్కడో బాగా లీకవుతోందనే కోడ్, వస్తే ముందు గ్యాస్ క్యాప్ (పెట్రోలు ట్యాంకు మూత) చూడండి. టక్‌మని శబ్దం వచ్చేదాకా తిప్పండి. దాని రబ్బరు పగిలితే మూత మార్చండి. లైట్ వెంటనే ఆరదు, కొన్ని రోజులు నడపాలి. ఇంకో మాట. పంపు దానంతటదే ఆగాక, రౌండ్ ఫిగర్ కోసం మళ్లీ నొక్కే అలవాటు మనకు ఊరి నుంచే వస్తుంది. ఇక్కడ దయచేసి మానండి. పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే వెళ్లి అది పాడవుతుంది.

టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, డాలస్, కాలిన్, డెంటన్, హారిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఇంకా ఉంది. లైట్ వెలుగుతుంటే ఫెయిల్. ముందు రోజు రాత్రి కోడ్ చెరిపేసి వెళ్లినా దొరికిపోతారు, ఎందుకంటే చెరిపేయగానే బండి స్వయంగా చేసుకునే పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. రిపేరయ్యాక ఓ వారం హైవే మీద కొంత, ఊళ్లో కొంత తిప్పి, స్కానర్‌లో అన్నీ 'రెడీ' అని చూపించాకే టెస్టుకు తీసుకెళ్లండి.