లైబీరియా ఖజానాకు రెండో సంతకం ఎందుకు?

“యుద్ధం ఆగిన దేశానికి శాంతి సైన్యాన్ని పంపితే చాలదా, వాళ్ల ఖజానాలో బయటివాళ్లు వేలు పెట్టడం ఎందుకు?” అని అడిగారు కదా.

పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియానే చూడండి. 2003లో యుద్ధం ఆగింది, ఐక్యరాజ్యసమితి 15,000 మంది దాకా సైనికులను పంపడానికి ఒప్పుకుంది. బాగానే ఉంది, కానీ ఓడరేవు ఆదాయం దారిలోనే మాయమైపోతుంటే కొత్త పోలీసులకు జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? జీతం రాని తుపాకీ మళ్లీ రోడ్డెక్కుతుంది.

అందుకే 2005లో ప్రభుత్వ డబ్బు లెక్కలను సరిచేయడానికి గెమాప్ (GEMAP) అనే ఒప్పందం పెట్టారు. మా కావలి దగ్గర పొదుపు సంఘం డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు పడాలి, రెండో ఆవిడ ఊరెళ్లిందంటే ఆ రోజు బ్యాంకు నుంచి ఉత్త చేతులతో రావాల్సిందే. అక్కడా అంతే: ఓడరేవు, విమానాశ్రయం, అటవీ సంస్థల్లో ఖర్చులకు విదేశీ నిపుణుడి సంతకం కూడా కావాల్సి వచ్చేది. ఇది మా సార్వభౌమత్వానికి అవమానం అని కొందరు మండిపడ్డారు, అందులో తప్పేమీ లేదు. కానీ లెక్కలు గాడిలో పడ్డాయి, 2010లో సుమారు 460 కోట్ల డాలర్ల అప్పు మాఫీ అయింది.

అన్నట్టు, 2007 నుంచి 2016 దాకా ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియా రాజధాని మన్రోవియా వీధుల్లో రాత్రి గస్తీ తిరిగినవాళ్లలో మన సీఆర్పీఎఫ్ మహిళలూ ఉన్నారు.