పదో తరగతి మెమోతోనే తేలేది మీ కేసు

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డులో ఒక బార్‌లో వెయిటర్‌ని. పోయిన నెల నలుగురు కుర్రాళ్లకు బీర్లు ఇచ్చాను. మీసాలు వచ్చాయి కదా, పెద్దవాళ్లే అనుకున్నాను. వారిలో ఒకడికి పదిహేడేళ్లేనని తండ్రి ఫిర్యాదు చేశారు, నాకు నోటీసు వచ్చింది. ఇంట్లో పసిపిల్లలు, నిద్ర పట్టడం లేదు. పాత తేదీతో ఐడీ రిజిస్టర్ రాసి సంతకం పెట్టమంటున్నారు మేనేజర్. పెట్టవచ్చా?

జవాబు: పెట్టకండి. ఇప్పుడున్నది ఒక్క కేసు. ఆ సంతకంతో దొంగ రికార్డు సృష్టించిన కేసు కూడా మీ మీదే పడుతుంది, మేనేజర్ పక్కకు తప్పుకుంటారు.

కేసు తేలేది ఆ అబ్బాయి పుట్టిన తేదీ దగ్గర. పద్దెనిమిది నిండనివారికి మద్యం ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 77 కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. నాన్ బెయిలబుల్. ఆ రోజుకు పద్దెనిమిది నిండి ఉంటే ఈ సెక్షన్ నిలవదు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఒకటి నిండనివారికి మద్యం అమ్మకూడదు కాబట్టి ఎక్సైజ్ కేసు మిగులుతుంది. వయసుకు అదే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్, పదో తరగతి మెమో. అవి లేకుంటే మునిసిపల్ జనన ధ్రువపత్రం. ఆధార్‌లో తేదీ వేరుగా ఉందని వాదించి ప్రయోజనం లేదు.

మీసం చూసి వయసు కట్టడమేమిటండీ? అనుమానం వచ్చినప్పుడు ఐడీ అడగడం మీ పనిలో భాగం. అడిగి ఉంటే, అతను చూపించినదే ఈరోజు మీకు రక్ష అయ్యేది.

ఇక సాక్ష్యం. ఆర్డర్ ఎవరిచ్చారు, గ్లాసు ఎవరి ముందు పెట్టారు, బిల్లు ఎవరి ఫోన్ నుంచి కట్టారు? నలుగురిలో పెద్దవాడు తెప్పించుకుని ఆ అబ్బాయికి అందించి ఉంటే మీ వాదనకు బలం వస్తుంది. అది చూపేది సీసీటీవీ. పాత రికార్డింగ్ మీద కొత్తది పడి చెరిగిపోతుంది. నెల దాటింది కనుక ఈరోజే, ఆ రాత్రి ఫుటేజీ, బిల్లు భద్రపరచమని యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. రసీదు దాచండి. చెరిపేయమని ఎవరన్నా వినకండి, అదీ నేరమే.

కొన్నాళ్లు ఊరు వదిలి వెళ్తే సద్దుమణుగుతుందనుకోవద్దు. మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి ఉండదు. నోటీసులో చెప్పిన రోజున తప్పక హాజరుకండి, వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. ముందే సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ అడగండి. లాయరు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. నోటీసు, డ్యూటీ చార్టు, జీతం స్లిప్పు వెంట తీసుకెళ్లండి.