టీఎంఎస్ లేదని టాపిక్ మార్చుకోకు తమ్ముడూ

ఎంపీటీ న్యూరో (నరాల సమస్యల ఫిజియోథెరపీలో పీజీ) చదువుతున్నాను, స్ట్రోక్ తర్వాత మెదడు ప్లాస్టిసిటీ (దెబ్బతిన్న మెదడు తనను తాను మార్చుకోవడం) మీద థీసిస్ చేయాలనుంది, కానీ మా కాలేజీలో టీఎంఎస్ (అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే మెషీన్), ఫంక్షనల్ ఎమ్మారై (మెదడు పనిచేసే తీరు చూపే స్కాన్) లేవు, టాపిక్ మార్చుకోవాలా అని అడిగావు. వద్దు. మెషీన్ కంటే ముందు నీ చూపు కుదరాలి.

రేపే ఒక పేషెంట్ ముందు స్టీలు గ్లాసు పెట్టి అందుకోమను. మోచెయ్యి చాపి అందుకుంటున్నాడా, లేక నడుము ముందుకు వంచి, భుజం ఎగరేసి అక్కడిదాకా వెళ్తున్నాడా? గ్లాసు ఎలాగైనా అందుతుంది. మొదటిది కోలుకోవడం, రెండోది సర్దుకోవడం. ఈ తేడా పట్టడమే నీ అసలు శిక్షణ. స్ట్రోక్ తర్వాత కదలికలు ఎంత తిరిగొచ్చాయో కొలిచే ఫుగ్ల్-మేయర్ స్కేలులో చేతికి మొత్తం 66 మార్కులు. ఒకే పేషెంట్‌కి నువ్వొకసారి, నీ క్లాస్‌మేట్ ఒకసారి విడిగా వేసి పోల్చుకోండి.

ఇంకో చిక్కుంది. మొదటి మూడు నెలల్లో చాలామందికి కొంత దానంతటదే మెరుగవుతుంది. అందుకే పోల్చే గ్రూపు లేకుండా నా థెరపీ పనిచేసిందని రాయొద్దు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది స్ట్రోక్ పేషెంట్లతో జరిగిన అటెండ్ ట్రయల్ (లాన్సెట్, 2017) తప్పకుండా చదువు. ఇంట్లోవాళ్లకు నేర్పి చేయించిన రీహాబ్, మామూలు వైద్యం కంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదు. చదివినప్పుడు నాకు బాధేసింది. కంట్రోల్ గ్రూపు (పోల్చే గ్రూపు) విలువ మాత్రం అక్కడే తెలిసింది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే అయిపోవాలి. ఆ మూడు నెలల చిక్కు ఉంది కాబట్టి, స్ట్రోక్ వచ్చిన తేదీ ప్రతి షీటు మీదా రాయి. ప్రపోజల్ డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టు, చూస్తాను.