యాక్సిడెంట్ కేసులో ‘వెయ్యి ఫైన్ కట్టేస్తే పోతుంది’ అంటున్నారు, నిజమేనా?

మీరు అడిగింది: తమ్ముడి కారు ఆటోకి తగిలి అందులో ఒకాయన చెయ్యి విరిగింది, బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షా చట్టం) 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125(ఎ) (నిర్లక్ష్యంతో గాయపరచడం) కింద ఎఫ్‌ఐఆర్ అయింది, ఫైన్ కట్టేస్తే సరిపోతుందా అని.

వెయ్యి మాట పూర్తిగా అబద్ధమేం కాదు, చిక్కంతా అందులోనే ఉంది. 281 (పాత ఐపీసీ 279) కి ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ ఇది చలానా కాదు. కోర్టులో నేరం ఒప్పుకుని కట్టేది. అంటే శిక్ష పడినట్టే. రేపు ఉద్యోగం ఫారంలో ‘ఏ కేసులోనైనా శిక్ష పడిందా’ అని అడిగితే అవునని రాయాలి.

పైగా చెయ్యి విరిగిందంటే 125(ఎ) అలాగే ఉండిపోదు. ఎముక విరిగితే చట్టం లెక్కలో తీవ్ర గాయం. ఎక్స్‌రేతో వూండ్ సర్టిఫికెట్ (గాయం ఎలాంటిదో డాక్టరు రాసిచ్చే కాగితం) రాగానే కోర్టుకి మెమో పెట్టి 125(బి)కి మారుస్తారు. అది మూడేళ్ల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. కంగారు పడకండి, ఇవన్నీ బెయిలబుల్ సెక్షన్లే. మామూలుగా బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద, పిలిచినప్పుడు రావాలని నోటీసు ఇచ్చి పంపిస్తారు. నోటీసులో రాసిన తేదీకి మాత్రం తప్పకుండా వెళ్లాలి. ఎగ్గొడితే అరెస్టుకి కారణం మనమే చేతికిచ్చినట్టు.

ఇక అసలు విషయం. మన దగ్గర ఏ యాక్సిడెంట్ ఎఫ్‌ఐఆర్ తీసినా ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న ముక్క దాదాపు ఉంటుంది. అది అచ్చుపోసిన మాట. దాంతోనే నేరం రుజువు కాదు. 1998లో కర్ణాటక ప్రభుత్వం, సతీశ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ‘హై స్పీడ్’ అని సాక్షి అన్నంత మాత్రాన నిర్లక్ష్యం తేలదు. తేల్చేవి వేరే ఉన్నాయి. టైరు గీతలు రోడ్డుకి ఏ వైపున పడ్డాయి, అద్దం పెంకులు ఎక్కడ రాలాయి, సొట్ట బంపర్ మూలన ఉందా, తలుపు పక్కన ఉందా. వీటిలో మొదటి రెండూ పంచనామా స్కెచ్‌లో ఉండాలి. చార్జిషీటు కాపీ చేతికొచ్చాక మొదట తీయాల్సిన కాగితం అదే.

అందుకే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) చూడకముందు కారుని షెడ్డుకి తీసుకెళ్లొద్దు. బంపర్ మార్పించేస్తే దాని మీది ఆటో రంగు కూడా పోతుంది, మన వైపు సాక్ష్యమే పోయినట్టు. బ్రేకు నిజంగా ఫెయిలైందనుకుంటే ఆ మాట ఆయన రిపోర్టులో ఉండాలి, తర్వాత చెబితే ఎవరూ వినరు. తనిఖీ అయ్యాక కూడా బండి ఇవ్వకపోతే ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్సు కాపీలతో బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయాలి. డాష్‌క్యామ్ ఉంటే అసలు కార్డు తీసి దాచండి. వాట్సాప్‌లో పంపిన వీడియోకి కోర్టులో అంత బలం ఉండదు. పక్క షాపు సీసీటీవీ కొన్ని రోజులకే చెరిగిపోతుంది, దర్యాప్తు అధికారికి ఇవాళే రాతపూర్వకంగా అడగండి.

రాజీ సంగతి. 125 కింద గాయపడినాయన కోర్టు అనుమతితో రాజీ పడొచ్చు. 281కి అది కుదరదు, హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కొట్టివేత పిటిషన్ వేయాల్సిందే. స్టేషన్ బయట తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించుకున్నంత మాత్రాన కేసు పోదు. నష్టపరిహారం క్లెయిమ్ దీంతో సంబంధం లేకుండా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో నడుస్తుంది, కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి.

మోటారు వాహనాల చట్టం 184 (ప్రమాదకరంగా నడపడం) కూడా కలిపితే లైసెన్సు ఆర్టీఏకి (రవాణా శాఖ ఆఫీసుకి) వెళ్లొచ్చు. అక్కడ మన వాదన విన్నాకే, మొదటిసారి అయితే మూడు నెలలు సస్పెండ్ చేసే వీలుంది. హియరింగ్‌కి నోరు మూసుకుని వెళ్లకుండా స్కెచ్, ఫొటోలు జతచేసి రాతలో జవాబివ్వండి. సస్పెండ్ అయిన ఆ మూడు నెలలూ మీ తమ్ముడు స్టీరింగ్ ముట్టుకోకూడదు, పక్క వీధికైనా సరే.