ఇంట్లో పైపు గ్యాస్ ఎక్కువ ప్రమాదమా, పెట్రోలా?

మీరు భయపడి అడిగింది పైపు గ్యాస్ కనెక్షన్ గురించి. చివర్లో మాటవరసకి "బండి కోసం రెండు లీటర్ల పెట్రోల్ బాల్కనీలో ఉంచుతాం, అదేం పర్లేదుగా" అన్నారు చూడండి, నాకు భయం వేసింది ఆ ముక్కకే.

గ్యాస్ సంగతి ముందు చెప్పేస్తా. పైపులో వచ్చేది ముఖ్యంగా మీథేన్, గాలికన్నా చాలా తేలిక, లీకైతే పైకి పోతుంది, కిటికీలు తీస్తే బయటికి పోతుంది. గాలిలో దాదాపు 5 శాతం చేరేదాకా అంటుకోదు, 15 శాతం దాటినా అంటుకోదు. ఆ మధ్యలో ఉన్నప్పుడు మూసిన గదిలో చిన్న రవ్వ పడిందా, గోడలు కూడా నిలవవు, కాదనను. 1937లో టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊరి స్కూల్ కింద వాసన లేని గ్యాస్ పోగై, ఒక కరెంట్ మిషన్ స్విచ్ రవ్వకి పేలిపోయి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే అక్కడ గ్యాస్‌కి వాసన కలపాలని చట్టం తెచ్చారు. ఇప్పుడు మీ ముక్కుకి తగిలే ఆ కుళ్ళు వాసన అలా కలిపిందే, గ్యాస్‌కి సొంత వాసన లేదు.

పెట్రోల్ వాసన మాత్రం అందరికీ అలవాటైపోయింది, అదే నా బాధ. వాసన వస్తే "ఆ, పెట్రోలేలే" అనుకుంటారు. దాని ఆవిరి గాలిలో ఒకటిన్నర శాతం ఉన్నా చాలు అంటుకోడానికి. సున్నాకి 40 డిగ్రీల కింద చలిలో కూడా మండేంత ఆవిరి వస్తుంది. పైగా గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే పైకి పోదు, నీళ్ళలాగా పల్లం వెతుక్కుంటూ నేల మీద పారుతుంది.

ఇది నేను కళ్ళారా చూశాను. మా సెల్లార్‌లో పక్క ఫ్లాట్ ఆయన బండి చైన్‌కి పట్టిన గ్రీజు వదలగొట్టడానికి వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పెట్రోల్ పోసుకుని బ్రష్‌తో రుద్దుతున్నాడు. మెట్లు దిగుతుంటేనే ఘాటు కొట్టింది, ఏంటండీ ఇదీ అంటే "సిగరెట్ లేదు, అగ్గిపుల్ల లేదు, ఏమవుతుందండీ" అన్నాడు. అటు మూల బాగా దూరంగా నీళ్ళ మోటర్ ఉంది, పైన ట్యాంక్ ఖాళీ అయినట్టుంది, దానంతటదే ఆన్ అయింది. స్టార్టర్ బాక్స్‌లో టక్కున చప్పుడు, ఆ వెంటనే పల్చటి మంట నేలకి ఆనుకుని మోటర్ దగ్గర్నుంచి మా వైపు పరిగెత్తుకొచ్చింది, వచ్చి టబ్బులో భగ్గుమంది. ఆయన వెనక్కి పడ్డాడు కాబట్టి చేతులూ కనుబొమ్మలూ కాలడంతో పోయింది. ఎవరో బకెట్‌తో నీళ్ళు పట్టుకొచ్చారు, వద్దని అరిచి ఆపాం, పెట్రోల్ నీళ్ళ మీద తేలి మంటతో సహా సెల్లార్ అంతా పరుచుకునేది. గోడకి తగిలించిన, మంటలార్పే పౌడర్ సిలిండర్ పిన్ బిగుసుకుపోయి రాదే! దాన్ని ఊడబీకి కొట్టేసరికి పక్కన రెండు బళ్ళ సీట్లు అంటుకున్నాయి. ఈ సిలిండర్లు తగిలించడమే గానీ ఏడాదికోసారైనా ఎవరన్నా చూస్తారా అసలు?

ఇంకోటి, బంకు దగ్గర ఫోన్ తీస్తే అందరూ గొడవ పడతారు గానీ, ప్లాస్టిక్ క్యాన్ చేతిలో వేలాడదీసి పెట్రోల్ పోయించుకునేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంట్ రవ్వ చాలు పెట్రోల్ ఆవిరి అంటుకోడానికి, క్యాన్ నేల మీద పెట్టి నాజిల్ మూతికి ఆనించి పోయించుకోవాలి.

మీ ప్రశ్నకి జవాబు: గ్యాస్ కనెక్షన్ తీసుకోండి. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వెయ్యొద్దు, ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలే వద్దు. చేతికందితే వాల్వ్ కట్టేసి తలుపులు తీసి బయటికి పోయి ఫోన్ చెయ్యండి. బాల్కనీలో పెట్రోల్ మాత్రం తీసెయ్యండి, సగం ఖాళీ అయిన క్యాన్‌లో మిగతా సగం ఆవిరే ఉంటుంది, ఎండ తగిలితే ఉబ్బి మూత సందుల్లోంచి కారుతుంది, తలుపు కింద నుంచి లోపలికీ వస్తుంది. ఇవాళే కిందకి తీసుకెళ్ళి, ఆరుబయట, ఇంజన్ చల్లారాక బండి ట్యాంక్‌లో పోసెయ్యండి.