మిర్చి లోడు మీద టార్పాలిన్ పట్టా నిలవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, నాకు సొంతంగా పది టైర్ల లారీ ఉంది, గుంటూరు యార్డు నుంచి నాగపూర్‌కి మిర్చి తోలుతుంటాను. పోయిన ట్రిప్పులో ఆదిలాబాద్ దాటాక గాలివానకి పట్టా మధ్యలో లేచి పటపటా కొట్టుకుని చిరిగిపోయింది, పై వరస టిక్కీలు (మిర్చి బస్తాలు) నాలుగు తడిశాయి, ఒకటి జారి పక్కకి వేలాడింది. పట్టాలు రెండూ కొత్తవే, తాడూ కొత్తదే, ఒకటే తాడుతో గట్టిగానే కట్టించా. తప్పు ఎక్కడ జరిగింది?
— ఒక లారీ ఓనర్, చిలకలూరిపేట

జవాబు: తమ్ముడూ, పట్టా సంగతి తర్వాత, ముందు ఆ జారిన టిక్కీ గురించి చెప్పనివ్వండి. 40 కేజీల బస్తా అంత ఎత్తు నుంచి పక్కన బైకు మీద పోయేవాడి మీద పడుంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తుంది. ఒకటే తాడుతో కట్టించా అన్నారు చూశారా, తప్పు అక్కడే ఉంది. పట్టా వానకీ దుమ్ముకీ అడ్డం అంతే, సరుకుని అది ఆపలేదు. ముందు టిక్కీల మీదుగా మోకు వేసి బాడీ హుక్కులకి బిగించాలి, ఆ తర్వాత పట్టా కప్పాలి, పట్టాకి మళ్లీ వేరే తాడు కట్టాలి. పట్టా చిరిగినా లోడు కదలకూడదు.

ఇంకోటి, మిర్చి బస్తా ఇనప చువ్వల్లాంటిది కాదు, లారీ ఊగేకొద్దీ కాయ అణుగుతుంది, యార్డులో తీగలా బిగిసిన తాడు పిడుగురాళ్ల వచ్చేసరికి కింద చెయ్యి దూరేంత వదులైపోతుంది, పైగా నైలాన్ తాడైతే తడిస్తే ఇంకాస్త సాగుతుంది. అందుకని సత్తెనపల్లి దగ్గరే ఒకసారి ఆపి బిగించుకోండి, తర్వాత టీకి ఆగినప్పుడల్లా చెయ్యి పెట్టి చూడండి. తాడు బాడీ అంచుకి రాసుకునే చోట గోతం ముక్క మడిచి పెట్టండి, లేకపోతే రాపిడికి పోగులు తెగుతాయి.

ఇక పట్టా మధ్యలో ఎందుకు లేచిందంటే, హమాలీలు తొందరలో క్యాబిన్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక పట్టాని ముందుదాని మీద వేసుంటారు, అప్పుడు దాని అంచు గాలికి ఎదురుగా నోరు తెరుచుకునుంటుంది, స్పీడులో గాలి లోపల దూరి ఎంత కొత్త పట్టానైనా లేపేస్తుంది. వెనక పట్టా మొదట పరవాలి, క్యాబిన్ వైపు పట్టా దాని మీదకి కనీసం రెండు మూరలు రావాలి. ముందు మూలల మడతలు కూడా గాలికి మూసుకునేలా ఉండాలి గానీ తెరుచుకునేలా కాదు.

లోడు బాడీ దాటి పక్కకో వెనక్కో పొడుచుకొచ్చిందా, 2019లో మారిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో 20,000 రూపాయల ఫైన్ ఉంది, ఎక్కువైన సరుకు దింపే ఖర్చు కూడా మీదే.

చివరిగా ఒక్కమాట, పైన కరెంటు తీగలుంటే లోడెక్కి పట్టా పరవనివ్వకండి. అంచు మీద నిలబడి వెనక్కి వాలి తాడు లాగనివ్వకండి. నా బండి క్లీనర్ కుర్రాడు అలా లాగుతుంటే పాత తాడు పుటుక్కున తెగి వెల్లకిలా పడ్డాడు, ఏడాది మంచంలో ఉన్నాడు. తాడు లాగేది కింద నేల మీద నిలబడి మాత్రమే.